విశ్వవిద్యాలయాన్ని కట్టిన కట్టమంచి

చిత్తూరు పట్నాన్ని ఆనుకుని కట్టమంచి అనే ఊరుంది. ఇప్పుడది పట్నంలో కలిసిపోయింది. 1880 డిసెంబరు 10న రామలింగారెడ్డి పుట్టేనాటికి అదొక పల్లె. అప్పటికి చిత్తూరు జిల్లా కూడా లేదు. ఆ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో ఉత్తర ఆర్కాటు జిల్లాలో భాగంగా ఉండేది. 1911లో గాని చిత్తూరు వేరే జిల్లా కాలేదు. అక్కడినుంచి దక్షిణంగా కొంత దూరం వెళితే తమిళం, పడమరగా వెళితే కన్నడం వినిపిస్తాయి. మూడు భాషల పొలిమేరలో పుట్టిన ఆ పిల్లవాడే పెద్దయ్యాక కన్నడ దేశంలో ఒక విశ్వవిద్యాలయం పుట్టుకకు తోడ్పడ్డాడు. తెలుగువారికంటూ ఏర్పడిన తొలి విశ్వవిద్యాలయానికి తొలి ఉపాధ్యక్షుడయ్యాడు.

కోలారు, హోసూరు, షోలాపూరు, పర్లాకిమిడి వంటి చోట్ల చదువుకునే మన పిల్లలకు పొలిమేర బతుకు కొత్తకాదు. ఇంట్లో ఒక భాష, బజారులో ఒక భాష, పరీక్షలో మరొక భాష వారికి మామూలే. అయితే పాఠ్యపుస్తకాల్లో కనిపించే తెలుగు పెద్దలంతా ఎక్కడో దూరాన, తెలుగు గడ్డ నడిమధ్య పుట్టి పెరిగినవారుగా వారికి అనిపిస్తారు. అందుకే ఈ వారం కట్టమంచి రామలింగారెడ్డి గారి జీవితాన్ని ఎంచుకున్నాం. సి.ఆర్.రెడ్డి అంటే ఎక్కువమందికి తెలుస్తుంది. ఆయన ఉద్యోగ జీవితంలో తొలి సగం తెలుగు గడ్డకు బయటే గడిచింది. తెలుగు సాహిత్యంలో ఆయన పేరు నిలబెట్టిన విమర్శ గ్రంథం కూడా ఆయన మైసూరులో ఉన్న కాలంలోదే.

చెరువు కట్ట నుంచి కేంబ్రిడ్జి దాకా

తండ్రి సుబ్రహ్మణ్యరెడ్డి గారు న్యాయవాది. తల్లి నారాయణమ్మ గారు. చిత్తూరులో బడి చదువు ముగించి రామలింగారెడ్డి మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చేరారు. అక్కడ తెలుగు విద్యార్థుల సంఘం కవిత్వపు పోటీ పెట్టింది. ఇరవై ఏళ్ళు కూడా నిండని ఆయన ఆ పోటీకి ‘ముసలమ్మ మరణము’ అనే కావ్యం రాసి బహుమతి గెలిచారు.

కథ అనంతపురం పక్కనున్న బుక్కరాయసముద్రం చెరువుది. కుండపోతగా వాన కురిసి చెరువు కట్ట తెగబోతుంది. ముసలమ్మ అనే ఆ ఊరి కోడలు తనను బలిగా ఇచ్చుకుంటే కట్ట నిలుస్తుందని ఊరికి తెలుస్తుంది. పేరు ముసలమ్మే గాని వయసులో ఉన్న ఇల్లాలు. ఇంటిల్లిపాదికీ నచ్చజెప్పి, ఊరి కోసం ఆమె గండిలోకి నడుస్తుంది. రాజులూ రాణులూ నాయకులుగా ఉండే కావ్యాల మధ్య ఒక పల్లెటూరి రైతు కోడలు నాయిక కావడం అప్పటికి కొత్త. కథ విషాదంగా ముగియడం మరీ కొత్త. ఆధునిక తెలుగు కవిత్వం ఎక్కడ మొదలైందని వెతికే పండితులు నేటికీ ఈ చిన్న కావ్యం దగ్గర ఒకసారి ఆగుతారు.

తన వాడలో విన్న కథలను, తన తాలూకా చెరువులను పుస్తకంలోకి ఎక్కించవచ్చని ఆ కుర్రవాడు గుర్తించాడు. మన పిల్లలకు ఈ మాట చెప్పడం అవసరమని మేము అనుకుంటున్నాం. వారు ఉండే ఊళ్ళలోనూ చెరువులున్నాయి, గ్రామదేవతలున్నారు, తాతలు చెప్పే వలస కథలున్నాయి. వాటిని తెలుగులో రాయమని అడిగేవారే కరువు.

పట్టభద్రుడయ్యాక రామలింగారెడ్డికి ప్రభుత్వ విద్యార్థివేతనం దొరికింది. 1902లో ఇంగ్లండు వెళ్ళి కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలలో చేరారు. చరిత్ర ఆయన చదువు. చదువుతో పాటు వక్తృత్వంలోనూ అక్కడ పేరు తెచ్చుకున్నారు. కేంబ్రిడ్జి విద్యార్థుల చర్చావేదికైన యూనియన్‌కు ఉపాధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. పాలించే దేశపు విద్యార్థులు పాలితదేశం నుంచి వచ్చిన యువకుణ్ణి ఎన్నుకోవడం ఆనాటికి చిన్న విషయం కాదు. ఒక విద్యాలయంలో తరగతి గదికి బయట జరిగే చర్చలూ, సంఘాలూ, హాస్టలు కబుర్లూ మనిషిని ఎంతగా తీర్చిదిద్దుతాయో ఆయన అక్కడే చూశారు. తర్వాత తాను నడిపిన విద్యాలయాల్లో ఆ జీవితం కోసమే తాపత్రయపడ్డారు.

బరోడా నుంచి మైసూరుకు

తిరిగి వచ్చాక బరోడా సంస్థానం ఆయనను పిలిచింది. సయాజీరావు గైక్వాడ్ మహారాజు చదువు మీద ఎంతో పట్టుదల ఉన్న పాలకుడు. అరవిందఘోష్ వదిలి వెళ్ళిన వైస్ ప్రిన్సిపాల్ స్థానంలో రామలింగారెడ్డి బరోడా కళాశాలలో పనిచేశారు. అక్కడ ఎక్కువకాలం ఉండలేదు. మైసూరు మహారాజా కళాశాలలో చరిత్ర బోధించడానికి వచ్చి, దాదాపు పన్నెండేళ్ళు ఆ సంస్థానంలోనే ఉండిపోయారు.

అప్పటికి మైసూరు కళాశాలలు మద్రాసు విశ్వవిద్యాలయం కింద ఉండేవి. పాఠాలు మైసూరులో చెప్పినా, ఏం చెప్పాలో, ఎలా పరీక్షించాలో నిర్ణయించేది మద్రాసే. తమ దేశానికి తమ విశ్వవిద్యాలయం కావాలని నాల్వడి కృష్ణరాజ ఒడెయరు, దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్య సంకల్పించారు. ఏ నమూనాలో కట్టాలో తెలుసుకోవడానికి థామస్ డెన్‌హామ్, రామలింగారెడ్డి ఇతర దేశాల ఉన్నత విద్యను పరిశీలించారు. ఆ పరిశీలన కోసం రామలింగారెడ్డి అమెరికా, జపాన్ వంటి దేశాలు తిరిగారు.

వారు తెచ్చిన ఆలోచనల్లో రెండు మూడింటిని ఇక్కడ చెప్పుకోవాలి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలలో గురువులూ విద్యార్థులూ ఒకే ఆవరణలో కలిసి బతుకుతారు. చికాగోలో కొత్త పరిశోధనను ప్రోత్సహించాలన్న తపన కనిపించింది. విస్కాన్సిన్‌లో విశ్వవిద్యాలయం తన గోడలు దాటి రైతు దగ్గరికీ, పనివాడి దగ్గరికీ వెళుతుంది. పరీక్షలు పెట్టి పట్టాలిచ్చే కార్యాలయంగా మాత్రమే విశ్వవిద్యాలయాన్ని ఎరిగిన మన దేశానికి ఇవి కొత్త సంగతులు. 1916 జూలై 27న మైసూరు విశ్వవిద్యాలయం ఏర్పడింది. నేరుగా బ్రిటిషు పాలన కింద లేని ప్రాంతంలో వెలసిన తొలి విశ్వవిద్యాలయం అది. మైసూరు, బెంగళూరు కళాశాలలు దాని కిందికి వచ్చాయి. మహారాజా కళాశాలకు రామలింగారెడ్డి ప్రిన్సిపాల్ అయ్యారు.

ఆ తర్వాత మైసూరు విద్యాశాఖకే అధిపతి అయ్యారు. అంటరానివారని బడి బయట నిలబెట్టిన పిల్లలకు ప్రభుత్వ బడుల తలుపులు తెరిపించడంలో ఆయన గట్టిగా నిలిచారు. అగ్రకులాల తల్లిదండ్రుల నుంచి ఎంత వ్యతిరేకత వచ్చినా వెనక్కి తగ్గలేదు. ఉన్నత విద్య గురించి ఎంతో మాట్లాడే వ్యక్తి ఒకటో తరగతి గడప దగ్గర జరిగే అన్యాయాన్ని కూడా పట్టించుకోవడం ఆయనలో మేము గౌరవించే గుణం. కింద తలుపు మూసి పైన ఎంత పెద్ద భవనం కట్టినా అందులోకి వచ్చేదెవరు?

మైసూరులో ఒక తెలుగు కుర్చీ

మైసూరులో ఉండగానే రామలింగారెడ్డి 1914లో ‘కవిత్వతత్త్వ విచారము’ ప్రకటించారు. పింగళి సూరన ‘కళాపూర్ణోదయము’ను ముందు పెట్టుకుని, కవిత్వానికి ప్రాణమేమిటని ఆ పుస్తకం విచారించింది. అంతవరకు మన విమర్శ ఎక్కువగా శబ్దం సాధువా, అలంకారం కుదిరిందా, ఛందస్సు తప్పిందా అని చూసేది. పాత్రలు సజీవంగా ఉన్నాయా, కథ నడకలో ఔచిత్యముందా, కవి ఊహకూ భావానికీ పొందిక ఉందా అని ఆయన అడిగారు. ప్రబంధాల్లో వర్ణనలు మితిమీరి కథను మింగేశాయని మొహమాటం లేకుండా అన్నారు. పండితులకు కోపం వచ్చింది. ఖండనలు వచ్చాయి. ఆ వాదోపవాదాల్లోంచే ఆధునిక తెలుగు విమర్శ నడక నేర్చుకుంది. ఆర్థికశాస్త్రాన్ని కూడా ఆయన తెలుగులో రాశారు. పడమటి దేశాల శాస్త్రాలు తెలుగులో చెప్పడానికి మాటలు చాలవని చాలామంది అనుకుంటున్న రోజుల్లో ఆ పని చేశారు.

మైసూరులో ఆయన చేసిన మరో పని బయటికి చిన్నదిగా కనిపిస్తుంది. అనంతపురం సీమలోని రాళ్ళపల్లి నుంచి వచ్చి, మైసూరు పరకాల మఠంలో సంస్కృతం చదువుకుంటున్న ఒక యువకుడిలోని ప్రతిభను ఆయన గమనించారు. 1912లో ఆ యువకుణ్ణి మహారాజా కళాశాలలో తెలుగు పండితుడిగా నియమింపజేశారు. ఆయనే రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ. అప్పటికి శర్మగారికి ఇరవై ఏళ్ళు నిండలేదు.

ఆ కుర్చీలో శర్మగారు 38 సంవత్సరాలు కూర్చున్నారు. కన్నడ రాజధానిలో తరాల విద్యార్థులకు తెలుగు చెప్పారు. ప్రాకృతంలోని గాథాసప్తశతిని తెలుగు పద్యాల్లోకి తెచ్చారు. మైసూరు ఆస్థాన విద్వాంసుల సాన్నిహిత్యంలో సంగీతం అభ్యసించారు, కన్నడంలోనూ సంగీతం మీద రాశారు. విశ్రాంతి తీసుకోవలసిన వయసులో తిరుపతి వెళ్ళి, రాగిరేకుల్లో నిద్రపోతున్న అన్నమాచార్య సంకీర్తనలను పరిష్కరించారు. ఎన్నింటికో స్వరాలు కూర్చారు. ఈనాడు మన బడి వార్షికోత్సవాల్లో పిల్లలు అన్నమయ్య పాట పాడుతున్నారంటే, అందుకు మైసూరులో 1912లో వేసిన ఒక కుర్చీ కూడా కారణమే.

తెలుగేతర రాష్ట్రాల్లో తెలుగు చెప్పే ఉపాధ్యాయులుగా మాకు రామలింగారెడ్డి జీవితంలో అన్నిటికన్నా దగ్గరగా అనిపించేది ఈ ఘట్టమే. మన బడుల్లో తెలుగు పంతులు పదవీ విరమణ చేస్తే ఆ ఖాళీ ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోవడం మనకు అలవాటైంది. పిల్లలు తగ్గారు కాబట్టి పోస్టు అక్కర్లేదంటారు. పోస్టు లేదు కాబట్టి తల్లిదండ్రులు పిల్లలను పంపరు. ఒక్క పోస్టే కదా అని అందరూ తేలిగ్గా తీసుకుంటారు. ఒక్క పోస్టులో తగిన మనిషిని కూర్చోబెడితే ఆ కుర్చీ నుంచి ఎంత దూరం వెలుగు వెళ్తుందో రాళ్ళపల్లి వారి జీవితం చెబుతుంది. ఆ కుర్చీ వేయించిన వ్యక్తి తెలుగువాడైనందువల్ల మైసూరుకు జరిగిన నష్టం ఏమీ లేదు. కన్నడ దేశపు విశ్వవిద్యాలయానికి మనసుపెట్టి పనిచేసిన చేతులే తెలుగుకూ అక్కడ చోటు చేశాయి.

వాల్తేరు కొండ మీద

1920వ దశకం మొదట్లో ఆయన మైసూరు వదిలి చిత్తూరు చేరి రాజకీయాల్లోకి దిగారు. జస్టిస్ పార్టీ తరఫున మద్రాసు శాసనమండలిలో అడుగుపెట్టారు. కొద్దికాలానికే ఆ పార్టీ నాయకత్వంతో విభేదించారు. 1923 చివరలో పానగల్లు రాజా మంత్రివర్గం మీద అవిశ్వాస తీర్మానం ప్రవేశపెట్టింది ఆయనే. తీర్మానం 44 ఓట్లకు 65 ఓట్లతో వీగిపోయింది. భారతదేశపు శాసనసభల చరిత్రలో తొలి అవిశ్వాస తీర్మానాల్లో అది ఒకటి.

అప్పటికి తెలుగు జిల్లాల కళాశాలలన్నీ మద్రాసు విశ్వవిద్యాలయం కిందే ఉన్నాయి. మైసూరు వారికి దశాబ్దం కిందట ఎదురైన ప్రశ్నే ఇక్కడా. చాలా ఏళ్ళ ఆందోళన తర్వాత 1925లో మద్రాసు శాసనమండలి ఆంధ్ర విశ్వవిద్యాలయ చట్టం చేసింది. 1926 ఏప్రిల్ 26న విశ్వవిద్యాలయం ఏర్పడింది. తొలి ఉపాధ్యక్షుడిగా రామలింగారెడ్డి ఎన్నికయ్యారు. ఉపాధ్యక్షుడంటే నేటి వైస్ ఛాన్సలర్.

చేతిలో చట్టం ఉంది గాని చెప్పుకోదగ్గ భవనం లేదు, నిధి లేదు. ఊరు ఏదన్నది మరో పెద్ద తగవు. తాత్కాలికంగా బెజవాడలో మొదలుపెట్టారు. బెజవాడ కావాలని కొందరు, రాజమహేంద్రవరం కావాలని కొందరు, విశాఖపట్నం కావాలని కొందరు, అనంతపురం కావాలని రాయలసీమ వారు పట్టుపట్టారు. చివరకు 1930లో విశాఖపట్నం పక్కన సముద్రానికి ఎగువనున్న వాల్తేరు మెరకల మీద విశ్వవిద్యాలయం స్థిరపడింది. రాయలసీమకు నచ్చలేదు. అక్కడి కళాశాలలు మళ్ళీ మద్రాసు విశ్వవిద్యాలయం నీడకే వెళ్ళాయి. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చేదాకా ఆ లోటు తీరలేదు. సీమ సరిహద్దులో పుట్టిన వ్యక్తి తొలి ఉపాధ్యక్షుడై ఉండగానే సీమ దూరం కావడం ఆ కథలోని చేదు. అందరినీ ఒక చూరు కింద నిలపడం ఎంత సమర్థుడికైనా సాధ్యపడని సందర్భాలుంటాయి.

ఆ తగవుల మధ్యనే విశ్వవిద్యాలయం చేయవలసిన అసలు పనిని ఆయన ఆపలేదు. 1928లో విశ్వవిద్యాలయం పక్షాన వేమన మీద ఉపన్యాసాలు ఇవ్వడానికి మైసూరు నుంచి రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మను పిలిపించారు. ఆ ఉపన్యాసాలు జరిగింది అనంతపురంలో. వేమన అంటే పిల్లలకు బట్టీ పట్టించే నీతిపద్యాలు చెప్పినవాడే గాని కవి కాడని పండితులు పక్కనపెట్టిన కాలం అది. ఒక విశ్వవిద్యాలయం వేమనను పీఠమెక్కించి పరిశీలించడం, ఆ పరిశీలనను పుస్తకంగా అచ్చువేయడం పరిశోధన అంటే ఏమిటో తెలుగువారికి చూపించాయి. ఊళ్ళో అందరి నోట ఉన్నదాన్నే కొత్త కళ్ళతో, ఆధారాలతో చూడడం పరిశోధన. శర్మగారి ‘వేమన’ ఇప్పటికీ చదవదగిన పుస్తకం. మన బడుల గ్రంథాలయాల్లో తప్పక ఉండాలి.

కుర్చీ దిగిన సంవత్సరం

1930లో ఉప్పు సత్యాగ్రహం దేశమంతా పాకింది. గాంధీజీని జైలులో పెట్టారు. సత్యాగ్రహుల మీద లాఠీలు విరుగుతున్నాయి. ప్రభుత్వ దమననీతికి నిరసనగా రామలింగారెడ్డి ఉపాధ్యక్ష పదవికి రాజీనామా చేశారు. అది విశ్వవిద్యాలయం వాల్తేరు చేరిన ఏడాదే. నాలుగేళ్ళు తగవులు తీర్చి, నిధులు అడిగి, నేల వెతికి, తీరా కట్టడం మొదలయ్యే వేళకు ఆయన పక్కకు తప్పుకున్నారు.

ఆ స్థానంలోకి 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు. ఆయనదీ తిరుత్తణిలో పుట్టిన సరిహద్దు తెలుగు కుటుంబమే. మైసూరు మహారాజా కళాశాలలో ఆయనా పనిచేశారు. రాధాకృష్ణన్ హయాంలో వాల్తేరులో కళాశాలలు రూపుదిద్దుకున్నాయి. తెలుగు శాఖకు పింగళి లక్ష్మీకాంతం, భౌతికశాస్త్రానికి సూరి భగవంతం, రసాయనశాస్త్రానికి టి.ఆర్.శేషాద్రి వచ్చారు. విజ్ఞాన, సాంకేతిక కళాశాలకు జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. ఆ కళాశాలకు ఆయన పేరే పెట్టారు. ఒడిశాలోని మన పాఠకులకు జయపురం దగ్గరి ఊరు. విక్రమదేవ వర్మ ఒడియాలోనూ తెలుగులోనూ సాహిత్యాభిమాని. 1936లో ఒడిశా వేరే రాష్ట్రమై జయపురం అటు వెళ్ళినా, వాల్తేరు ప్రయోగశాలల మీద ఆయన పేరు నిలిచే ఉంది. రాష్ట్రాల గీతలు మారినా చదువు కోసం ఇచ్చిన చేయి గుర్తుండిపోతుందనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

మళ్ళీ పదమూడేళ్ళు

1936లో రాధాకృష్ణన్ ఆక్స్‌ఫర్డ్ వెళ్ళడంతో రామలింగారెడ్డి తిరిగి ఉపాధ్యక్షులయ్యారు. ఈసారి 1949 దాకా, పదమూడేళ్ళు. రెండు విడతలూ కలిపితే దాదాపు పదిహేడేళ్ళు ఆయన ఆ విశ్వవిద్యాలయాన్ని నడిపారు.

ముందున్నవారు పిలిచి తెచ్చిన అధ్యాపకులను ఆయన కాపాడుకున్నారు. శేషాద్రి తమిళనాడులోని కుళిత్తలైలో పుట్టినవారు. వాల్తేరు వచ్చి దాదాపు పదిహేనేళ్ళు పనిచేశారు. పత్తి పూలతో సహా మన నేల మొక్కల్లోని రంగు పదార్థాలను వేరుచేసి, వాటి అణువుల నిర్మాణం తేల్చడం ఆయన పరిశోధన. చుట్టూ పెరిగే చెట్టూచేమలే ఆయనకు ముడిసరుకు. ఇక్కడ జరిగిన ఆ పని ప్రపంచ పత్రికల్లో అచ్చయింది. తర్వాత ఆయన ఢిల్లీ వెళ్ళి, లండన్ రాయల్ సొసైటీ సభ్యులయ్యారు. భగవంతం సి.వి.రామన్ శిష్యుడు. పదార్థాల మీద పడిన కాంతి ఎలా చెదురుతుందో పరిశోధించి, తర్వాతి కాలంలో ఉస్మానియా ఉపాధ్యక్షుడిగా, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ సంచాలకుడిగా పనిచేశారు. తెలుగు రెడ్డిగారు కన్నడ మైసూరుకు ఎలా ఉపయోగపడ్డారో, తమిళ శేషాద్రి తెలుగు వాల్తేరుకు అలా ఉపయోగపడ్డారు. విశ్వవిద్యాలయం అనే మాటలో విశ్వం ఉన్నది ఇందుకే.

పరిశోధకుల మేధకు తోడు, పట్టా లేని పాండిత్యాన్నీ ఆంధ్ర విశ్వవిద్యాలయం గుర్తించింది. అందుకోసం కళాప్రపూర్ణ అనే గౌరవాన్ని నెలకొల్పింది. 1938లో గిడుగు రామమూర్తి పంతులుకు ఆ గౌరవం దక్కింది. పర్లాకిమిడిలో బతుకంతా గడిపి, బడిపిల్లలకు వాడుక భాష కావాలని పోరాడి, అడవిలోని సవరల భాషకు వ్యాకరణం, నిఘంటువు కూర్చిన మనిషి ఆయన. ఒక చిన్న సమాజపు భాషను దాని పిల్లలకోసమే నేర్చుకున్న పంతులును విశ్వవిద్యాలయం తన వేదిక మీద నిలబెట్టడం, మన పేజీ చదివే ప్రతి ఉపాధ్యాయుడికీ గౌరవమే.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. జనం ఊరు వదిలి పరుగులు తీశారు. విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలింది. పుస్తకాలు, పరికరాలు, గురువులు, విద్యార్థులు అంతా కొత్త ఊరు చేరి, ఉన్న వసతుల్లోనే పాఠాలు సాగించారు. యుద్ధం ముగిశాక మళ్ళీ వాల్తేరు చేరారు. ఒక్క కొండను నమ్ముకుని కట్టిన విశ్వవిద్యాలయం ఆ కొండ లేకుండానూ కొన్నేళ్ళు బతికింది. గురువూ శిష్యుడూ కలిసి ఉన్నంతకాలం విద్యాలయం ఉంటుంది. అద్దె ఇళ్ళలో, గుడి మండపాల్లో, మరో మాధ్యమపు బడి మూలగదిలో తెలుగు తరగతులు నడుపుకుంటున్న మన బడులకు ఇది ధైర్యమిచ్చే కథ.

ఆయన పెళ్ళి చేసుకోలేదు. విద్యాలయాలే సంసారంగా బతికారు. మంచి వక్త. చమత్కారం, వ్యంగ్యం ఆయన మాటల్లో దొర్లేవి. వాటివల్ల నొచ్చుకున్నవారూ ఉన్నారు. కొత్త కవుల పుస్తకాలకు పీఠికలు రాసి ముందుకు నెట్టేవారు. ఆ పీఠికలే ‘లఘుపీఠికా సముచ్చయము’గా వచ్చాయి. ‘వ్యాసమంజరి’లో ఆయన వ్యాసాలున్నాయి. 1942లో ప్రభుత్వం సర్ బిరుదు ఇచ్చింది. ఒకప్పుడు అదే ప్రభుత్వానికి నిరసనగా రాజీనామా చేసిన మనిషి ఆ బిరుదు తీసుకోవడం చాలామందికి మింగుడుపడలేదు. ఆయన రాజకీయాలు ఒక గాటన కట్టేవి కావు. ఒక పార్టీలో చేరి దాన్నే ఎదిరించారు, ప్రభుత్వంతో విభేదించి మళ్ళీ దాని గౌరవం అందుకున్నారు. ఆ మలుపులన్నిటిలో మారకుండా నిలిచింది ఒక్క చదువు పని.

తిరిగి మైసూరు

1949లో వాల్తేరు వదిలాక ఆయన మైసూరు విశ్వవిద్యాలయానికి ప్రో ఛాన్సలర్‌గా వెళ్ళారు. యువకుడిగా తాను ఏర్పాటుకు సాయపడిన విద్యాలయానికి, డెబ్బై ఏళ్ళ వయసు దగ్గరపడ్డాక పెద్దగా చేరారు. 1951 ఫిబ్రవరి 24న కన్నుమూశారు. తెలుగువారు ఆయనను తమవాడంటారు. మైసూరు చరిత్ర రాసేవారూ ఆయన పేరు వదలరు. రెండిళ్ళలోనూ పెద్దకొడుకుగా నిలిచిన మనిషి ఆయన.

మా దగ్గరికి పిల్లలను చేర్చడానికి వచ్చే తల్లిదండ్రులు ఒక ప్రశ్న అడుగుతారు. ఈ రాష్ట్రంలో ఉంటూ తెలుగు చదివితే పైకి ఎలా వస్తారని. ఆ ప్రశ్న న్యాయమైనది. దాన్ని కొట్టిపారేయకూడదు. ఉన్న రాష్ట్రపు భాష బాగా రాకుండా ఆ రాష్ట్రంలో గౌరవంగా బతకలేరు. ఇంగ్లీషు రాకుండా పై చదువులు కష్టం. రామలింగారెడ్డికి ఇంగ్లీషులో కేంబ్రిడ్జిని మెప్పించే శక్తి ఉంది, మైసూరుకు సేవచేసే మనసు ఉంది. ఆ రెండూ ఉన్నాయని తెలుగును ఆయన తగ్గించుకోలేదు. అందుకే తెలుగేతర నగరంలో ఉన్న కాలంలోనే తెలుగు విమర్శకు దారి వేయగలిగారు, ఒక పండితుడికి కుర్చీ వేయగలిగారు.

డిసెంబరు 10న ఆయన జయంతి. ఆ రోజు ప్రతి తెలుగు బడిలోనూ రెండు పనులు చేయవచ్చని మేము సూచిస్తున్నాం. ఒకటి, ముసలమ్మ కథ పిల్లలకు చెప్పి, తాము ఉంటున్న ఊరి చెరువు కథో, గుడి కథో, తమ కుటుంబం ఆ ఊరు చేరిన కథో పెద్దలను అడిగి తెలుగులో ఒక పేజీ రాసుకు రమ్మనడం. రెండు, బడి కమిటీ కూర్చుని తెలుగు పోస్టు ఎన్నేళ్ళుగా ఖాళీగా ఉందో లెక్కరాసి, తేదీలతో సహా అర్జీ తయారుచేసి, ఊరి తెలుగు సంఘం సంతకాలతో విద్యాశాఖకు పంపడం. మైసూరులో 1912లో ఒక తెలుగు కుర్చీ పడిందంటే, అది అవసరమని గట్టిగా అనుకున్న మనిషి ఒకరు అక్కడ ఉన్నారు. మన ఊళ్ళలో ఆ మాట అనవలసింది మనమే.